మరిగిన నూనె పుట్టుపూర్వోత్తరాలు

ఖతార్ రాజధాని దోహా నడిబొడ్డున ముషైరిబ్ అనే పేట ఉంది. అరబ్బీలో ఆ మాటకు మంచినీళ్ళు దొరికే చోటు అని అర్థం చెబుతారు. పదిహేను, ఇరవై ఏళ్ళ కిందటి వరకు అది ఇరుకు సందులు, చిన్న దుకాణాలు, వలసకూలీల గదులతో నిండిన పాతబస్తీ. 2010లో అక్కడ 31 హెక్టార్లలో కొత్త పట్టణ కేంద్రానికి పునాది వేశారు. ఇప్పుడు నగరంలోని మూడు మెట్రో మార్గాలూ కలిసేది ఆ పేటలోనే. పాత ఇళ్ళలో నాలుగింటిని మాత్రం మ్యూజియంలుగా నిలబెట్టారు. వాటిలో ఒకటి కంపెనీ హౌస్. ఖతార్ తొలి చమురు కంపెనీకి ఒకప్పుడు అది ప్రధాన కార్యాలయం. 1939లో దుఖాన్ వద్ద చమురు పడింది. 1949 చివర తొలి ఎగుమతి జరిగింది. ఆ కాలంలో ఎండలో పనిచేసిన తొలితరం కార్మికుల జ్ఞాపకాలను ఆ ఇంటి గదుల్లో భద్రపరిచారు.

ఆ చమురు కథ అందరికీ తెలిసినదే. దాని చుట్టుపక్కల భోజనశాలల పెరటి గుమ్మాల నుంచి డబ్బాల్లో బయటికి పోయే మరో నూనె కథ అంతగా తెలిసినది కాదు. సమోసాలు, చికెన్ ముక్కలు వేయించి వేయించి నల్లబడిన నూనె అది. ఒకప్పుడు దాన్ని పారబోయడానికే డబ్బు ఖర్చయ్యేది. ఈనాడు ఐరోపా ఇంధన విపణిలో అటువంటి నూనె నుంచి తీసిన విమాన ఇంధనం, భూమిలోంచి తోడిన చమురు నుంచి తీసినదానికి కొన్ని రెట్ల ధర పలుకుతోంది. ముడిసరుకుగా చూసినా, వాడిన నూనె తాజా పామాయిల్‌ను మించిన ధరకు అమ్ముడైన సందర్భాలున్నాయి. తాజా సరుకు కంటే వాడి పారేసిన సరుకుకు విలువ పెరగడం వ్యాపార చరిత్రలో అరుదైన సంగతి. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఐరోపా జీవ ఇంధనాల విపణి ఎలా నడుస్తుందో చూడాలి. అక్కడ ఇంధనాన్ని కొంటున్నారని పైకి కనిపిస్తుంది. నిజానికి అక్కడ చేతులు మారేది ఆ ఇంధనపు పుట్టుపూర్వోత్తరాలు.

రెండు శాతం

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచో ఆమ్‌స్టర్‌డామ్ నుంచో దోహా మీదుగా హైదరాబాదుకు వెళ్ళే తెలుగువారు వేలల్లో ఉంటారు. 2025 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్య విమానాశ్రయాల్లో ఇంధనం సరఫరా చేసే సంస్థలు తాము అమ్మేదానిలో కనీసం 2 శాతం సుస్థిర విమాన ఇంధనం ఉండేలా చూడాలి. ఈ వాటా 2030లో 6 శాతానికి, 2035లో 20 శాతానికి, 2050 నాటికి 70 శాతానికి పెరగాలని చట్టంలోనే రాసిపెట్టారు. దోహా వంటి చోట చవకగా ఇంధనం నింపుకుని ఐరోపాలో నింపుకోకుండా తప్పించుకునే వీలు కూడా లేదు. ఏ ఐరోపా విమానాశ్రయం నుంచి బయలుదేరుతున్నారో అక్కడి ప్రయాణాలకు ఏటా కావలసిన ఇంధనంలో 90 శాతం అక్కడే నింపుకోవాలన్నది మరో నియమం. ఈ చట్టానికి ముందే, 2023లో, ఖతార్ ఎయిర్‌వేస్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయంలో 3,000 టన్నుల సుస్థిర ఇంధనం కొనుగోలుకు షెల్ సంస్థతో ఒప్పందం చేసుకుంది.

అయితే ఏ ఒక్క విమానపు ట్యాంకులోనూ కచ్చితంగా 2 శాతం ఉండాలని కాదు. సరఫరాదారు మొత్తం అమ్మకాల మీద సగటు సరిపోతే చాలు. ఒక విమానాశ్రయంలో ఎక్కువ కలిపి, మరోచోట ఏమీ కలపకపోయినా లెక్క కుదురుతుంది. ఇంధనం గొట్టాల్లో, నిల్వ ట్యాంకుల్లో కలిసిపోతుంది. దానికి సంబంధించిన కాగితం మాత్రం విడిగా ప్రయాణిస్తుంది. ఈ విపణిలోని బలమూ, బలహీనతా రెండూ ఈ ఏర్పాటులోనే ఉన్నాయి.

ఆవ చేల నుంచి వంటింటి డబ్బాకు

ఐరోపా మొదట్లో వాడిన నూనెను దృష్టిలో పెట్టుకోలేదు. 2003 నాటి ఆదేశం రవాణా ఇంధనాల్లో జీవ ఇంధనాల వాటా 2005కు 2 శాతం, 2010కి 5.75 శాతం ఉండాలని సూచించింది. జర్మనీ, ఫ్రాన్స్ పొలాల్లో పసుపుపచ్చగా విరగబూసే రేప్‌సీడ్ అప్పటి ప్రధానమైన ముడిసరుకు. మన ఆవాలకు అది దగ్గరి చుట్టం. రైతుకు గిట్టుబాటు ధర, దేశానికి ఇంధన స్వావలంబన, వాతావరణానికి మేలు అన్నీ ఒకే దెబ్బతో సాధించవచ్చని అనుకున్నారు. 2009 నాటి పునరుత్పాదక ఇంధన ఆదేశం 2020కి రవాణాలో 10 శాతం లక్ష్యాన్ని పెట్టింది.

ఈలోగా 2007, 2008 సంవత్సరాల్లో ప్రపంచమంతటా ఆహార ధరలు మండిపోయాయి. తినే గింజల్ని కార్లకు పోయడమేమిటన్న ప్రశ్న వచ్చింది. అంతకంటే లోతైన అభ్యంతరం మరొకటి ఉంది. ఐరోపాలో రేప్‌సీడ్ నూనె ఇంజన్లలోకి పోతే, ఆహార పరిశ్రమ ఆ లోటును ఆగ్నేయాసియా పామాయిల్‌తో పూడ్చుకుంటుంది. ఆ పామాయిల్ కోసం ఇండొనేషియాలో అడవులు నరికి, పీట్ నేలలను ఎండగడితే, కారు పొగలో మిగిలిన కర్బనం కంటే అక్కడ విడుదలయ్యే కర్బనమే ఎక్కువ కావచ్చు. పొలం ఒక ఖండంలో, నష్టం మరో ఖండంలో. దీన్ని భూవినియోగంలో పరోక్ష మార్పు అంటారు. 2015లో ఆహార పంటల నుంచి వచ్చే ఇంధనాన్ని 7 శాతానికి మించి లెక్కించరాదని ఐరోపా పరిమితి పెట్టింది. 2019లో పామాయిల్‌ను అత్యధిక నష్టభయమున్న సరుకుగా ప్రకటించింది. పామాయిల్ సాగు విస్తరణలో 45 శాతం కర్బన నిధులైన అడవులు, పీట్ నేలల మీదే జరిగిందనీ, సోయాలో అది 8 శాతమేననీ నాటి లెక్క. 2030 నాటికి పామాయిల్ ఇంధనం లక్ష్యాల లెక్కలోంచి పూర్తిగా తొలగిపోవాలి. ఇండొనేషియా, మలేషియాలు ఈ విషయంలో ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్ళాయి.

పంటకు తలుపు మూసినచోట చెత్తకు తలుపు తెరిచారు. ఆదేశానికి తొమ్మిదో అనుబంధం అని ఒకటుంది. గడ్డి, పేడ, అడవి వ్యర్థాలు, నాచు వంటివి దాని మొదటి భాగంలోనూ, వాడిన వంటనూనె, మనుషుల ఆహారానికి పనికిరాని జంతుకొవ్వు రెండో భాగంలోనూ ఉన్నాయి. ఈ అనుబంధంలోని సరుకుతో చేసిన ఇంధనం లీటరు పోస్తే, లక్ష్యాల లెక్కలో రెండు లీటర్లుగా నమోదు చేసుకునే వెసులుబాటు సభ్యదేశాలకు ఇచ్చారు. వాడిన నూనె ధర ఆకాశానికి ఎక్కడానికి ప్రధాన కారణం ఈ రెట్టింపు లెక్కే. కర్బన పొదుపు లెక్కలూ దానికే అనుకూలం. చట్టంలోని ప్రామాణిక విలువల ప్రకారం రేప్‌సీడ్ బయోడీజిల్ వల్ల 47 శాతం పొదుపు, వాడిన నూనె బయోడీజిల్ వల్ల 84 శాతం. తేడా ఎక్కడినుంచి వచ్చింది? వాడిన నూనె వ్యర్థం గనుక దాన్ని పండించడానికి వాడిన ఎరువులు, ట్రాక్టర్లు, నేల అన్నీ సున్నాగా పరిగణిస్తారు. దాని పాపమంతా మొదట బజ్జీలు తిన్నవారి ఖాతాలోకి పోయిందన్నమాట.

అది నిజంగా వ్యర్థమైతేనే ఈ లెక్క నిజం.

నూనెను ఇంధనంగా మార్చే విద్య

వంటనూనె అణువు ఒక గ్లిసరాల్ వెన్నెముకకు మూడు కొవ్వు ఆమ్లాల తోకలు తగిలించినట్టుంటుంది. ఆ రూపంలో అది మరీ చిక్కన. నేరుగా ఇంజన్లో పోస్తే సూదిరంధ్రాలు పూడుకుపోతాయి. దాన్ని పలచన చేసే దారులు రెండు.

మొదటిది పాతది, చవకైనది. నూనెకు మెథనాల్, కొద్దిగా క్షారం చేర్చి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే మూడు తోకలూ వెన్నెముకను వదిలి మెథనాల్‌తో జతకడతాయి. సుమారు 100 కిలోల నూనెకు 10 కిలోల మెథనాల్ పోస్తే, 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిసరిన్ వస్తాయి. ఒక చిన్న షెడ్డులో కూడా చేయగల పని ఇది. కాని వాడిన నూనెతో ఒక చిక్కుంది. వేయించే పదార్థంలోని నీరు కొన్ని తోకలను ముందే తెంచివేస్తుంది. అలా విడిపడ్డ ఆమ్లాలకు క్షారం తగిలితే వచ్చేది సబ్బు. అందుకని ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక విడత శుద్ధి చేసి, ఆ తరువాతే అసలు పని మొదలుపెడతారు. ఇలా చేసిన ఇంధనంలో ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. తేమను పీల్చుకుంటుంది, నిల్వలో చెడుతుంది, చలికి పేరుకుంటుంది. చలికాలం ఉదయం కొబ్బరినూనె సీసాను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఐరోపాలో సాధారణ డీజిల్‌లో దీన్ని 7 శాతానికి మించి కలపనివ్వరు. విమానాలకు అసలే పనికిరాదు. జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల వరకు గడ్డకట్టకూడదు.

రెండో దారిలో హైడ్రోజన్ వాడతారు. వనస్పతి తయారీ గురించి చదివినవారికి నూనెకు హైడ్రోజన్ పట్టించడం తెలిసినదే. అక్కడ తోకల్లోని జంటబంధాలను కొంతవరకే నింపి ఆపేస్తారు. ఇక్కడ అధిక పీడనంలో, ఉత్ప్రేరకాల మీద, ఆక్సిజన్ మొత్తాన్ని నీటిగానూ కర్బన వాయువులుగానూ తొలగించేదాకా వదలరు. మిగిలేది పెట్రోలియం డీజిల్‌ను పోలిన స్వచ్ఛమైన హైడ్రోకార్బన్. వెన్నెముకగా ఉన్న గ్లిసరాల్ ప్రొపేన్‌గా, అంటే వంటగ్యాసులో ఉండే వాయువుగా బయటపడుతుంది. ఆపైన గొలుసులను విరిచి, కొమ్మలు వేయిస్తే విమాన ఇంధనం. ఫిన్లాండ్‌కు చెందిన నెస్టే సంస్థ 2007లో పోర్వోలో దీన్ని మొదలుపెట్టి, 2010లో సింగపూర్‌లో, 2011లో రాటర్‌డామ్‌లో భారీ కర్మాగారాలు నెలకొల్పింది. ఇటలీలో ఎనీ సంస్థ వెనిస్ దగ్గరి పాత పెట్రోలియం శుద్ధి కర్మాగారాన్నే 2014లో ఈ పనికి మార్చింది. నేడు ప్రపంచంలో అమ్ముడయ్యే సుస్థిర విమాన ఇంధనంలో అత్యధిక భాగం ఈ దారిలోనే వస్తోంది. నూనె, కొవ్వు దొరికినంతమేరకే ఈ విద్య నడుస్తుందన్నది దాని పరిమితి.

మరి గడ్డి మాటేమిటి? ఐరోపా అధికారుల అసలు ఆశ దానిమీదే ఉండేది. కాని గడ్డిలోని సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొట్టి, ఆల్కహాలుగా పులియబెట్టడం ప్రయోగశాలలో ఎంత సులువో, కర్మాగారంలో అంత కష్టమైంది. ఇటలీలోని క్రెషెంటీనోలో 2013లో ప్రారంభమైన తొలి భారీ కర్మాగారం నాలుగేళ్ళకే ఆగిపోయి, చేతులు మారి, 2022లో గాని మళ్ళీ కదలలేదు. రొమేనియాలోని పొదారిలో ఏటా 2.5 లక్షల టన్నుల గోధుమగడ్డి నుంచి 50,000 టన్నుల ఇథనాల్ తీస్తామని కట్టిన కర్మాగారాన్ని 2023 డిసెంబర్‌లో మూసివేశారు. చెల్లాచెదురుగా పడివున్న గడ్డిని పోగుచేసి, తడవకుండా దాచి, ఏడాది పొడవునా అందించడంలో ఎదురయ్యే తిప్పలు వరిగడ్డి వాములు వేసిన ఏ రైతునడిగినా చెబుతాడు.

ఇక్కడ ఖతార్ ప్రస్తావన మళ్ళీ వస్తుంది. జర్మనీలో 1925 ప్రాంతంలో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కార్బన్ మొనాక్సైడ్, హైడ్రోజన్ వాయువుల మిశ్రమాన్ని ద్రవ ఇంధనంగా కూర్చే పద్ధతి కనుగొన్నారు. ఆ మిశ్రమాన్ని బొగ్గునుంచైనా, సహజవాయువునుంచైనా, కట్టెనుంచైనా చేయవచ్చు. కట్టెతో చేయాలని జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో పూనుకున్న సంస్థ 2011లో దివాలా తీసింది. సరిగ్గా అదే ఏడాది దోహాకు ఉత్తరాన రాస్ లఫాన్‌లో సహజవాయువుతో రోజుకు 1,40,000 బ్యారెళ్ళ ద్రవ ఉత్పత్తులు తీసే పెర్ల్ కర్మాగారం నుంచి తొలి సరుకు బయలుదేరింది. అంతకు రెండేళ్ళ ముందే, 2009 అక్టోబర్‌లో, సహజవాయువు నుంచి చేసిన కిరోసిన్‌ను సుమారు సగం పాళ్ళలో కలిపి ఖతార్ ఎయిర్‌వేస్ విమానం లండన్ గాట్విక్ నుంచి దోహాకు ప్రయాణికులతో ఎగిరింది. కట్టె నుంచి తీసినా, రాస్ లఫాన్ వాయువు నుంచి తీసినా ఆ కిరోసిన్ అణువులు ఒక్కటే. ఇంజన్‌కు తేడా తెలియదు. ఐరోపా చట్టానికి మాత్రం ఒకటి సుస్థిరం, మరొకటి కాదు.

పరీక్షకు అందనిది

అణువుల్ని చూసి మూలాన్ని పట్టుకునే మార్గం ఒకటుంది. చెట్టూ పశువూ బతికినన్నాళ్ళూ గాలిలోని కార్బన్-14ను ఒంట పట్టించుకుంటాయి. చనిపోయాక అది 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోతుంది. కోట్ల ఏళ్ళ నాటి పెట్రోలియంలో అది ఏమాత్రం మిగలదు. కాబట్టి కార్బన్-14 కొలిస్తే ఇంధనం చెట్టుదో భూగర్భానిదో చెప్పవచ్చు. కాని ఈ ఏడు గెలకోసిన తాటిజాతి నూనెలోనూ, అదే నూనెలో మొన్న వడలు వేయించాక మిగిలినదానిలోనూ కార్బన్-14 ఒక్కటే. వేయించిన నూనెలో పెరిగే ధ్రువ సమ్మేళనాలు, విడి ఆమ్లాలు కొంత ఆధారమిస్తాయి. అయితే తాజా నూనెను కావాలని కాచి, లేదా కొంత వాడిన నూనెలో ఎక్కువ తాజా నూనె కలిపి, ఆ విలువలను తెప్పించడం కష్టమేమీ కాదు. రక్తపరీక్ష రోగి హిమోగ్లోబిన్ ఎంతో చెబుతుంది. అతడు ఏ ఊరివాడో, ఏమి తిన్నాడో చెప్పదు. అది రోగి నోటనే వినాలి. ఇక్కడా అంతే. నూనె చరిత్ర దాన్ని అమ్మేవాడి నోటనే వినాలి.

ఆ చరిత్రను నమోదు చేసేందుకు స్వచ్ఛంద ధ్రువీకరణ వ్యవస్థలున్నాయి. వాటిలో జర్మనీకి చెందిన ఐఎస్‌సీసీ పెద్దది. భోజనశాల నుంచి సేకర్త, సేకర్త నుంచి వర్తకుడు, అక్కడినుంచి శుద్ధి కర్మాగారం, ఇలా ప్రతి మజిలీకీ పత్రం ఉంటుంది. గొలుసులో ఎక్కువ తనిఖీ జరిగేది మధ్యలోనూ చివరా. మొదటి కొస బహు పలచన. నెలకు 10 టన్నుల లోపు వ్యర్థం ఇచ్చే వంటిళ్ళకు విడి ధ్రువపత్రం అవసరం లేదు, స్వయంగా ఇచ్చే ప్రకటన చాలు. వాటిలోనూ తనిఖీదారు చూసేది సంఖ్యకు వర్గమూలమంతే. వంద భోజనశాలలుంటే పదింటిని చూస్తే సరి.

ఈ పలచనైన కొస మీద అనుమానాలు కొత్తవి కావు. ఐరోపాలో వాడే మరిగిన నూనెలో అధికభాగం దిగుమతి సరుకే, అందులో చైనాది పెద్ద వాటా. మలేషియాలో పేదల కోసం ప్రభుత్వం రాయితీ మీద కిలో 2.50 రింగిట్‌లకు సంచీల్లో నూనె అమ్మిస్తుంది. వాడిన నూనెకు అంతకంటే మంచి ధర వస్తుంటే, తాజా సంచీని చింపి వాడిన నూనె డబ్బాలో పోయడానికి ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇందుకు దొంగతెలివి కూడా అక్కరలేదు, కూడికలు తెలిస్తే చాలు. ఐరోపా సమాఖ్య 2024 జనవరిలో సరుకు కదలికలన్నీ ఒకేచోట నమోదయ్యే సమాచార నిధిని ప్రారంభించింది. 2025 ఫిబ్రవరిలో చైనా బయోడీజిల్ మీద 10 నుంచి 35.6 శాతం వరకు సుంకాలు ఖరారు చేసింది. విమాన ఇంధనాన్ని మాత్రం ఆ సుంకాల నుంచి మినహాయించింది. సుంకం పడింది సరుకు మీద, అబద్ధం మీద కాదు. ధర తేడా మిగిలినంతకాలం సరుకు మరో రేవు నుంచి రావచ్చు.

వైద్య చరిత్ర తెలిసినవారికి ఈ వ్యవహారంలో ఒక విచిత్రం కనిపిస్తుంది. 1981 మే నెలలో మాడ్రిడ్ పరిసరాల్లో అంతుచిక్కని జబ్బు మొదలైంది. జ్వరం, ఊపిరి అందకపోవడం, ఆపైన కండరాల నొప్పులు, చర్మం బిగుసుకుపోవడం. సుమారు 20,000 మంది జబ్బుపడ్డారు, 300 మందికి పైగా మరణించారు. పరిశ్రమల్లో వాడేందుకు అనిలీన్ కలిపి, తినడానికి పనికిరాకుండా చేసి దిగుమతి చేసుకున్న రేప్‌సీడ్ నూనెను, కొందరు వర్తకులు మళ్ళీ శుద్ధిచేసి వంటనూనెగా వీధుల్లో అమ్మారని తేలింది. నాడు వంటనూనెకు ధర ఎక్కువ, పరిశ్రమ నూనెకు తక్కువ. అందుకే విషపు నూనె తిండినూనె వేషం వేసింది. నేడు ధరలు తలకిందులయ్యాయి గనుక తిండినూనె వ్యర్థపు నూనె వేషం వేస్తోంది. నేటి మోసం ఎవరినీ వెంటనే ఆసుపత్రి పాలు చేయదు. అందుకే దాన్ని పట్టుకోవాలన్న తొందర కూడా ఎవరికీ ఉండదు.

ఐరోపాకు వాడిన నూనె ఇంత పెద్ద ఎత్తున ఇంధనానికి మళ్ళడంలో మరో ప్రజారోగ్య ఘటనకూ పాత్ర ఉంది. 1999లో బెల్జియంలో పశువుల దాణాకు వాడే కొవ్వులో ట్రాన్స్‌ఫార్మర్ నూనె కలిసి, డయాక్సిన్లు కోళ్ళలోకి, గుడ్లలోకి చేరాయి. దేశం అట్టుడికిపోయింది. ఇటువంటి అనుభవాల తరువాత, 2002 నాటి నియమాలతో, భోజనశాలల నూనెను దాణాలో కలపడం ఐరోపాలో నిషిద్ధమైంది. అలా దిక్కులేకుండా మిగిలిన నూనెకు ఇంధన విపణి దిక్కైంది. చట్టం ఆ నూనెను వ్యర్థమనడంలో అప్పట్లో అబద్ధం లేదు. ఇతర దేశాల్లో దాణాకో సబ్బుకో పోతున్న నూనెను ఐరోపా లాగేసుకుంటే, ఆ లోటును అక్కడివారు పామాయిల్‌తో పూడ్చుకుంటారు. రేప్‌సీడ్ విషయంలో పట్టుకున్న తప్పునే ఐరోపా వాడిన నూనె విషయంలో మళ్ళీ చేస్తోందన్న విమర్శకు ఇదే ఆధారం. ఆ విమర్శ సబబైనదే.

కాకినాడ, పవర్‌గూడ, తోపుడుబండి

ఈ గొలుసు తెలుగునేల మీదుగా కూడా సాగింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం నాటమని సిఫారసు చేసింది. బీడు నేలల్లో నీళ్ళు లేకుండా పండుతుందన్నారు. ఐరోపా పెట్టుబడీ అటు మళ్ళింది. బ్రిటన్‌కు చెందిన డీ1 ఆయిల్స్ భారత్, ఆఫ్రికాల్లో విరివిగా నాటించింది. 2007లో దానితో జతకట్టిన బీపీ సంస్థ రెండేళ్ళకే తప్పుకుంది. మొక్క బీడునేలలో బతికిందే గాని గింజ ఇవ్వలేదు. గింజ ఇవ్వాలంటే మంచి నేల, నీరు అడిగింది. అంత మంచి నేల ఉంటే రైతు పత్తో కందో వేసుకుంటాడు.

కానుగ కథ కొంత నయం. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘాలు కానుగ నారు పెంచి, గింజలు గానుగాడించి నూనె తీశాయి. ఆ నూనె డీజిల్‌కు బదులుగా వాడితే ఆదా అయ్యే 147 టన్నుల కర్బన ఉద్గారాలకుగాను 2003లో ప్రపంచబ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. నూనె కంటే దాని చరిత్రకు వెలకట్టే వ్యాపారం తెలుగునాట జరగడానికి అది తొలినాటి ఉదాహరణ. ఆ చరిత్రను సరిచూడాలనుకుంటే గూడేనికి వెళ్ళి చెట్లు లెక్కబెట్టి రావచ్చు.

కాకినాడ పరిస్థితి వేరు. రేవులోకి ముడి పామాయిల్ ఓడలు దిగే ఊరు గనుక, శుద్ధి కర్మాగారాల పక్కనే బయోడీజిల్ కర్మాగారాలూ వెలిశాయి. వాటిలో అమెరికాకు చెందిన ఎమెటిస్ సంస్థ అనుబంధంగా 2008లో వచ్చిన కర్మాగారం సామర్థ్యం మొదట్లో ఏటా సుమారు 1.5 లక్షల టన్నులు. పామాయిల్‌ను శుద్ధిచేసినప్పుడు వేరుపడే గట్టి కొవ్వు, జంతుకొవ్వు వంటివి దాని ముడిసరుకు. అడవి ఆముదం రాలేదు, ఓడ వచ్చింది. తీరాన కూర్చున్న పరిశ్రమ సహజంగానే ఓడ వైపు చూసింది.

వాడిన నూనె సంగతికి వస్తే, భారతదేశంలో ప్రశ్న ఇంధనం కంటే ముందు ఆరోగ్యానిది. నూనె పదేపదే మరిగినప్పుడు నీటితో విడిపోతుంది, గాలితో ఆక్సీకరణం చెందుతుంది, తనలో తాను అల్లుకుని జిగురవుతుంది. ఈ మార్పుల మొత్తాన్ని ధ్రువ సమ్మేళనాల శాతంతో కొలుస్తారు. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి నియమం పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్ళించే రూకో పథకం మొదలైంది. 2019లో ప్రభుత్వ చమురు కంపెనీలు అటువంటి బయోడీజిల్‌కు తొలి ఏడు లీటరు 51 రూపాయలు, మూడో ఏటికి 54.50 చొప్పున ఇస్తామన్నాయి.

ధర దగ్గరే చిక్కొచ్చింది. పెద్ద హోటలు వాడి వదిలిన నూనెకు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఒక కొనుగోలుదారు ఉన్నాడు. అతడు తోపుడుబండి మీద మిరపకాయ బజ్జీలు వేసుకునేవాడు. తాజా నూనె ధర భరించలేక సగం ధరకు దొరికే నల్లనూనెను కొనుక్కుంటాడు. అతడిచ్చే ధరను మించి ఇచ్చినప్పుడే ఆ నూనె కర్మాగారానికి చేరుతుంది. ఐరోపా విపణి ఇచ్చే హెచ్చుధర ఈ ఒక్క చోట నిస్సందేహంగా మేలు చేయగలదు. ఆ మరిగిన నూనె మనిషి కడుపులోకి పోవడం కంటే విమానపు ఇంజన్లోకి పోవడం మంచిది. అయితే బండివాడు ఆ తరువాత ఏ నూనె కొంటాడు? తాజా పామాయిల్ కొంటే గుండెకు కాస్త నయం, ఇండొనేషియా అడవికి కాదు. రెండు మేళ్ళూ ఒకేసారి దక్కవు. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలంటే వైద్యులెవరూ తటపటాయించరు.

ఇక ఆహారమా ఇంధనమా అన్న పాతవాదం ఐరోపాలో సద్దుమణిగి ఇక్కడ మొదలైంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ అన్న లక్ష్యాన్ని భారత్ 2030 నుంచి 2025కు ముందుకు జరుపుకుంది. 2025లో ఆహార సంస్థ గోదాముల బియ్యాన్ని ఇథనాల్ కర్మాగారాలకు క్వింటాలు 2,250 రూపాయలకు ఇచ్చింది. తెలంగాణలో నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వంటిచోట్ల ఇథనాల్ కర్మాగారాలకు వ్యతిరేకంగా పల్లెలు రోడ్డెక్కాయి. వారి అభ్యంతరం గింజ గురించి కాదు, తమ నీళ్ళూ గాలీ ఏమవుతాయన్నది. 7 శాతం పరిమితి పెట్టుకునేముందు ఐరోపాలో పన్నెండేళ్ళపాటు నడిచిన చర్చలో కొంతైనా తెలుగులోకి వచ్చివుంటే ఉపయోగపడేది.

ముందున్న లెక్క కఠినమైనది. 2030లో 6 శాతమంటే నేటి వాటాకు మూడింతలు. ప్రపంచంలో జనం వేయించుకునే వడలూ చికెనూ మూడింతలు కావు. ఈ సంగతి గుర్తించే బ్రిటన్ తన విమాన ఇంధన చట్టంలో నూనె, కొవ్వుల దారికి పరిమితి పెట్టింది. 2030 నాటికి అది 71 శాతం, 2040 నాటికి 35 శాతం. మిగిలినది గడ్డి నుంచో, చెత్త నుంచో, సౌరవిద్యుత్తుతో తీసిన హైడ్రోజన్ నుంచో రావాలి. హైడ్రోజన్ దారిలో చివరి మెట్టు మళ్ళీ ఫిషర్, ట్రాప్ష్‌లదే కావచ్చు. ఆ విద్యను అంత భారీ ఎత్తున నడిపిన అనుభవం ఉన్న చోట్లు ప్రపంచంలో కొద్దే, వాటిలో రాస్ లఫాన్ ఒకటి. ఎండకు అక్కడ కొదవ లేదు.

అంతవరకు వాడిన నూనె డబ్బాలే దిక్కు. ఎక్కడో ఒక భోజనశాల పెరటి గుమ్మం దగ్గర సేకర్త ఖాళీ డబ్బా దింపి, నిండినది ఎక్కించుకుని, ఒక కాగితం చాస్తాడు. ఇన్ని కిలోలు, ఈ వంటింట్లోనే వాడినవి, ఇంకేమీ కలపలేదు అని ఉంటుంది అందులో. దాని మీద సంతకం చేసేది యజమాని కాకపోవచ్చు. ఆ వేళకు పొయ్యి దగ్గర నిలబడ్డ నిజామాబాదు మనిషో, నేపాలీ కుర్రవాడో కావచ్చు.